కాన్వెంటు బడులు – వాని చరిత్ర, వాని ప్రదర్శనశాలలు

మన సీమలో నేడు ఏ పెద్ద గ్రామమునకు పోయినను 'కాన్వెంటు' అను పేరు గల పలక యొకటైనను కానవచ్చును. పసిబిడ్డ మెడకు టై కట్టి, వీపున సంచి తగిలించి, ఆటోలో నెక్కించి, "మావాడు కాన్వెంటుకు పోతున్నాడు" అని తల్లి గర్వముతో చెప్పును. అక్కడ ఇంగ్లీషు చెప్పెదరనుటయే ఆమె భావము. ఆ బడిలో కన్యాస్త్రీ యొక్కతెయు ఉండకపోవచ్చును, మఠము లేదు, ప్రార్థనామందిరము లేదు. అయినను పేరు మాత్రము నిలిచినది. ఒక మాట తన యింటిని విడిచి ఇంత దూరము నడచి వచ్చినదన్నచో, దాని వెనుక గట్టి చరిత్ర యేదో యున్నదని మనము గ్రహింపవలెను. మన గ్రంథాలయ రజతోత్సవ సమయమున ఆ చరిత్రను కొంత విచారించుటయు, అట్టి పాఠశాలల జ్ఞాపకములను భద్రపరచు ప్రదర్శనశాలలు మనకేమి నేర్పునో తెలిసికొనుటయు ఈ వ్యాసమున ఉద్దేశము.

లాటిను భాషలో 'కన్వెంతుస్' అనగా కూడిక, సమావేశము. వ్రతము పూని లోకవ్యాపారములను విడిచిన స్త్రీలు ఒక్కచోట కూడి నివసించు ఇల్లు కాన్వెంటు. ఆ యింటి ప్రక్కన వారు నడపిన బడి కాన్వెంటు బడి. పాదరీలు నడపిన బడులన్నియు కాన్వెంటు బడులు కావు. మన బళ్లారిలో 1810లో లండను మిషను పక్షమున జాన్ హాండ్సు దొర పని ప్రారంభించెను. అది ప్రొటెస్టెంటు మిషను. అందు కన్యాస్త్రీల మఠములు లేవు. కన్యాస్త్రీల బడి కథ వేరు, అది ముఖ్యముగా ఆడపిల్లల చదువు కథ. కనుకనే మొదట మన సీమలో ఆడపిల్లల చదువు ఏ స్థితిలో నుండెనో చూడవలసియున్నది.

1823 నాటి బళ్లారి జిల్లా

1800లో నిజాము దత్తమండలములను కుంపిణీవారికి ఒప్పగించెను. తరువాత బళ్లారి జిల్లా యేర్పడినపుడు నేటి అనంతపురము సీమ యంతయు అందులోనిదే. 1882లో అనంతపురము ప్రత్యేక జిల్లా యైనది గాని, మన కణేకల్ చేరియున్న రాయదుర్గము తాలూకా బళ్లారిలోనే నిలిచి, 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు అనంతపురము జిల్లాలో చేరినది. కావున బళ్లారి జిల్లాను గూర్చిన పాత లెక్కలు మన తాత ముత్తాతల లెక్కలే.

మద్రాసు గవర్నరైన సర్ తామస్ మన్రో 1822లో ప్రతి జిల్లా కలెక్టరును తన జిల్లాలోని బడుల లెక్క వ్రాసి పంపుమని ఆజ్ఞాపించెను. బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ దొర 1823 ఆగస్టులో పంపిన సమాధానము ఆ నివేదికలన్నింటిలో ప్రసిద్ధి చెందినది. జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. చదువుకొను పిల్లలు 6,641 మంది. అనగా వేయి మందికి ఏడుగురు. తెలుగు చెప్పు బడులు 226, కన్నడము చెప్పు బడులు 235. ఇంగ్లీషు చెప్పు బడి జిల్లా అంతటికి ఒక్కటే.

ఆ బడుల తీరును కూడ ఆయన వర్ణించెను. తెల్లవారుజామున అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవ చిహ్నముగా సరస్వతి పేరు వ్రాసెడివారు. రెండవవాని చేతిలో సున్న చుట్టెడివారు. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, అటు తరువాత వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి హెచ్చు. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట మన పెద్దల చదువునకు తొలిమెట్టు. హగరి ఇసుకను ఎరిగిన మనకు ఆ పలక ఎంత విశాలమైనదో వేరుగ చెప్పనక్కరలేదు.

దేశము క్రమముగ బీదదగుచుండుటచే చదువు క్షీణించుచున్నదనియు, సీమ నుండి వచ్చు వస్త్రములచేత ఇచ్చటి చేతిపనివారి జీవనము దెబ్బతిన్నదనియు క్యాంబెల్ దొర దాపరికము లేక వ్రాసెను. దొర యగుటచే తన ప్రభుత్వపు తప్పును కప్పిపుచ్చలేదు. అది మెచ్చదగిన విషయము.

ఆ నివేదికలో నొక చిన్న అంకె కలదు. 6,641 మంది పిల్లలలో బాలికలు 60 మంది మాత్రమే. జిల్లా అంతటను, 533 బడులలోను కలిపి అరువది మంది! నూటికి ఒక్కరైనను లేరు. వారందరు హిందువులని వ్రాసియున్నది గాని ఏ గ్రామమువారో, ఎవరి బిడ్డలో వ్రాయలేదు. నాటి లెక్కలలో బాలురు కులముల వారీగా గణింపబడిరి. ఆడపిల్ల చదువు లెక్క చివర నొక ముక్కగా మిగిలినది. ఇదే కాన్వెంటు బడులు వచ్చుటకు పూర్వము మన సీమ స్థితి.

సముద్రము దాటి వచ్చిన బడి

బాలికలకై ప్రత్యేకముగ బడులు పెట్టు యత్నములు పందొమ్మిదవ శతాబ్ది నడుమ దేశములో అనేక దిక్కుల మొలకెత్తెను. 1848లో పూనాలో జోతిరావు ఫూలే, సావిత్రీబాయి ఫూలే దంపతులు బాలికల పాఠశాలను తెరచిరి. 1849లో కలకత్తాలో బెథూన్ దొర పాఠశాల ప్రారంభమైనది. అదే కాలమున కన్యాస్త్రీలును ఓడలెక్కి ఈ దేశమునకు రాసాగిరి. 1841 చివర లొరెటో సోదరీమణులు కలకత్తాకును, 1842 జనవరిలో ప్రెజెంటేషను సోదరీమణులు మద్రాసునకును ఐర్లండు దేశము నుండి చేరిరి.

తెలుగు తీరమున ఈ పని విశాఖపట్టణముతో ఆరంభమైనది. సవాయ్ దేశమునందలి అన్నెసీ పట్టణము నుండి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన గురువులు 1846లో ఈ తీరమునకు వచ్చిరి. వారి వెనుక 1849లో అదే పట్టణము నుండి సెయింట్ జోసెఫ్ సభ సోదరీమణులు వచ్చిరి. ఆల్ప్సు కొండల మంచులో పెరిగిన ఆ స్త్రీలకు మన తీరపు ఎండ ఎట్లుండునో, భాష ఎంత దుర్గ్రాహ్యమో ఊహింపవచ్చును. సూయజు కాలువ తెరువబడినది 1869లో. అంతకు ముందు ఐరోపా నుండి మన దేశమునకు ఓడ ఆఫ్రికా ఖండమును చుట్టి రావలసియుండెను. వచ్చినవారిలో పెక్కుమంది తిరిగి తమ ఊరు చూడలేదు.

తరువాత 1871లో ఇటలీ నుండి సెయింట్ ఆన్ సభ సోదరీమణులు సికిందరాబాదు చేరి పాఠశాల స్థాపించిరి. 1904లో హాలెండు నుండి జీసస్ మేరీ జోసెఫ్ సభవారు గుంటూరు చేరిరి. హైదరాబాదులోని రోజరీ కాన్వెంటు పాఠశాలయు 1904లో వెలసినదే. స్వాతంత్ర్యానంతరము 1959లో బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాలయు, 1962లో విజయవాడలో మారిస్ స్టెల్లా కళాశాలయు స్థాపింపబడుటతో ఈ పరంపర కళాశాలల స్థాయిని అందుకొన్నది.

ఇవన్నియు విదేశ సోదరీమణుల కథలు. కాని ఈ చరిత్రలో మన తెలుగు గృహిణి కథ యొకటి కలదు. అది పట్టణములలో పుట్టినది కాదు, పల్లెలో పుట్టినది. పల్లెవారమైన మనకు అదియే ముఖ్యము.

ఫిరంగిపురపు జ్ఞానమ్మ

పదునెనిమిదవ శతాబ్దిలో రాయలసీమ నుండి కొన్ని క్రైస్తవ కుటుంబములు కరవులచేతను, దండయాత్రలచేతను ఊళ్లు విడిచి తూర్పు దిక్కున గుంటూరు సీమకు వలసపోయి స్థిరపడెను. మన సీమ కరవు ఇతర సీమల చరిత్రను కూడ వ్రాసినదనుటకు ఇది యొక నిదర్శనము. గుంటూరు సీమలో వారి ముఖ్య స్థానము ఫిరంగిపురము. ఆ గ్రామమున 1822లో జ్ఞానమ్మ జన్మించెను. మన్రో దొర బడుల లెక్క అడిగిన సంవత్సరమును అదే.

ఆమె గాలి ఇన్నయ్య అనువానిని పెండ్లియాడి, భర్తతో కూడ మద్రాసునకు పడమర దిక్కున తిరువళ్లూరు ప్రాంతమందలి కీళచ్చేరి గ్రామమునకు చేరెను. అది అరవదేశమే గాని, అచ్చట తెలుగు క్రైస్తవ కుటుంబములు నివాస మేర్పరచుకొనియుండెను. జ్ఞానమ్మ బిడ్డల తల్లి యైనది; కొంతకాలమునకు భర్తను కోల్పోయినది. నాటి సంఘములో వితంతువునకు మిగిలిన చోటు ఇంటిలో ఒక మూల మాత్రమే. ఆమె ఆ మూలను అంగీకరింపలేదు. మద్రాసు బిషప్పు అనుమతి పొంది 1863లో కీళచ్చేరిలో బాలికలకు పాఠశాల తెరచెను.

ఈ సంవత్సరమును కొంచెము నిలిచి ఆలోచింపవలెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాల స్థాపించినది 1874లో. వారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరులో. అంతకు ఎంతో ముందే, ఇంగ్లీషు చదువు గాని, ఉద్యోగము గాని, పత్రిక గాని లేని ఒక తెలుగు వితంతువు పరాయి సీమలోని పల్లెలో ఆడపిల్లలకు బడి పెట్టినది. పంతులుగారి కీర్తి తగ్గించుటకు ఈ మాట చెప్పుట లేదు. వారి పని వేరు, దాని వ్యాప్తి వేరు. వారు వ్రాసిరి, వ్రాసినది అచ్చయినది, అచ్చయినది గ్రంథాలయములలో నిలిచినది. ఆమె వ్రాసినది తక్కువ. కనుక ఆమె కథ ఆమె వెంట నడచిన సోదరీమణుల నోటను, వారి మఠపు పుస్తకములలోను మాత్రమే చిరకాలము నిలిచియుండెను. చరిత్రలో నిలుచుటకు మంచిపని చేయుట యొక్కటి చాలదు. చేసినదానిని ఎవరైనను వ్రాసి దాచవలెను.

1874లో ఆమె చుట్టు చేరిన స్త్రీలతో సెయింట్ ఆన్ సోదరీమణుల సభ ఆరంభమైనది. ఆ సంవత్సరము డిసెంబరు 21న జ్ఞానమ్మ మరణించెను. సభ మాత్రము మరణింపలేదు. మద్రాసు శాఖయు, ఆమె పుట్టిన ఫిరంగిపురపు శాఖయు పల్లెలలో బడులను, వసతిగృహములను, వైద్యశాలలను నడపుచు వచ్చెను. సికిందరాబాదులోని సెయింట్ ఆన్ సభయు ఇదియు ఒక్కటి కావు. ఆ సభ ఇటలీలో పుట్టినది, ఈ సభ తెలుగు తల్లి యింట పుట్టినది.

ఆమె మరణించిన రెండేండ్లకు 1876–78 నాటి మహాక్షామము వచ్చినది. మన సీమలో దానిని ఎరుగని కుటుంబము లేదు. తాతల నాటి కథలలో నేటికిని దాని జాడ కలదు. ఆ క్షామమున దక్షిణదేశమందు అనాథలైన పిల్లలను అన్ని మిషనులవారును చేరదీసిరి. కాన్వెంటు అనగా నేడు మనకు ధనికుల బడి యని తోచును గాని, పెక్కు కాన్వెంట్లలో జీతము కట్టు పిల్లల బడి యొకటి, అనాథ శరణాలయము మరియొకటి ప్రక్క ప్రక్కన నడచెను. ఒక ప్రాకారము లోపల రెండు లోకములు. ఒక దానిలో పియానో, ఇంకొక దానిలో కుట్టుపని. ఈ భేదమును కూడ చరిత్రకారుడు చూడవలెను. మత ప్రచారము కొరకే బడులు పెట్టిరని అనుమానించినవారు నాడును గలరు, నేడును గలరు. మత విశ్వాసమే వారిని ఇంత దూరము నడపినదనుట నిజము. వారి బడులలో చదివినవారిలో ఎందరో తమ తమ మతములలోనే యుండిరనుటయు నిజమే. మాతృభాషను చిన్నచూపు చూచుట నేర్పిన బడులును ఉండెను. తెలుగు నేర్చుకొని తెలుగులో పాఠము చెప్పిన విదేశ సోదరీమణులును ఉండిరి. రెండు వైపుల లెక్కయు వ్రాసినపుడే అది చరిత్ర యగును. ఒక వైపు మాత్రమే వ్రాసిన అది స్తోత్రమో నిందయో అగును.

కోర్కు నగరపు ప్రదర్శనశాల

ఇట్టి రెండు వైపుల లెక్కను వస్తువుల ద్వారా చూపుటకే పాఠశాలల ప్రదర్శనశాలలు పుట్టినవి. ప్రపంచమున అట్టి వానిలో ఐర్లండు దేశపు కోర్కు నగరమున 2017లో తెరచిన నానో నేగిల్ ప్రదర్శనశాల ముఖ్యమైనది. మద్రాసునకు 1842లో వచ్చిన ప్రెజెంటేషను సోదరీమణుల మూలస్థానము అదియే. కావున అది మనకు పూర్తిగ పరాయిది కాదు.

నానో నేగిల్ 1718లో కోర్కు సీమలోని సంపన్న కుటుంబమున జన్మించెను. ఆ కాలమున ఐర్లండు ఇంగ్లీషువారి యేలుబడిలో నుండెను. 1695లో చేసిన శాసనము ప్రకారము కతోలికులు బడి పెట్టరాదు, చదువు చెప్పరాదు, చదువుకై విదేశమునకు పిల్లలను పంపరాదు. బీదవారు పొదల చాటున దొంగబడులు నడుపుకొనిరి. కలవారు దొంగచాటుగ ఫ్రాన్సునకు పిల్లలను పంపిరి. నానో అట్లే ఫ్రాన్సులో చదివెను. తిరిగి వచ్చి, 1750ల నడుమ కోర్కులో ఒక చిన్న గుడిసె అద్దెకు తీసికొని, ముప్పదిమంది బీద బాలికలతో రహస్యముగ బడి ప్రారంభించెను. పట్టుబడినచో కుటుంబమునకే ముప్పు. అందుచే ఇంటివారికి సైతము చెప్పలేదు.

రహస్యము బయలుపడిన విధము ఆమె తన లేఖలోనే వ్రాసెను. ఒకనాడు ఒక బీదవాడు ఆమె సోదరుని కడకు వచ్చి, తన బిడ్డను నానో గారి బడిలో చేర్పించుమని ప్రాధేయపడెను. సోదరునకు మొదట విషయము బోధపడలేదు. బోధపడిన పిమ్మట ఉగ్రుడయ్యెను. కొంతసేపటికి శాంతించి, తుదకు ఆ పనికి తోడ్పడెను. బీదవాని యాచన యొకటి శాసనమునకంటె బలమైన దయ్యెను. క్రమముగ ఆమె బడులు ఏడైనవి. అందు అయిదు బాలికలకు, రెండు బాలురకు. రాత్రి వేళ లాంతరు చేత బట్టి వీథులలో బీదల యిండ్లకు తిరిగెడి స్త్రీగా ఆమె నగరమున ప్రసిద్ధి కెక్కెను. 1775లో సోదరీమణుల సభను స్థాపించి, 1784లో మరణించెను.

ఆమె సభవారు నివసించిన పాత మఠమును, ఆమె సమాధిని, తోటను బాగుచేసి నేడు ప్రదర్శనశాలగ మార్చిరి. అయితే ఆ ప్రాంగణము పాత వస్తువులు చూపి ఊరకుండుట లేదు. పరదేశముల నుండి ఆ నగరమునకు వలస వచ్చినవారికి సహాయము చేయు కేంద్రమును, పెద్దవారికి చదువు చెప్పు తరగతులను అచ్చటనే నడుపుచున్నారు. బడి జ్ఞాపకము మరల బడి యగుచున్నది. ప్రదర్శనశాలకు ఇంతకంటె సార్థక్యము వేరొకటి లేదు.

ప్రదర్శనశాలలో నేమి చూడవలెను

పాఠశాల ప్రదర్శనశాలకు పోవువాడు రాజుల కోట చూడబోవువాని వలె పోరాదు. అక్కడ కత్తులు, కిరీటములు ఉండవు. పాత బల్లలు, గంట, పలకలు, కుట్టుపని మాదిరి గుడ్డలు, బహుమాన పుస్తకములు, వరుసగా నిలుచుండబెట్టి తీసిన ఛాయాచిత్రములు – ఇట్టివే యుండును. చూచుట తెలియనివానికి అవి పాత సామానులు. తెలిసినవానికి ఒక్కొక్కటి ఒక్కొక్క సాక్షి.

మొదట చూడవలసినది చేరికల రిజిస్టరు. 1854లో వుడ్ గారి విద్యా శాసనపత్రము వచ్చిన పిదప, ప్రభుత్వము ప్రైవేటు బడులకు కొంత ద్రవ్యసహాయము చేయసాగెను. సహాయము కావలెనన్నచో ఇనస్పెక్టరు వచ్చి లెక్క చూడవలెను. లెక్క చూడవలెనన్నచో హాజరు పట్టీ యుండవలెను. అట్లు డబ్బు లెక్క కొరకు పుట్టిన పుస్తకము మనుష్యుల లెక్కగ మిగిలినది. ఏ యేట ఎందరు బాలికలు చేరిరి, ఏ వయస్సున చేరిరి, తండ్రి వృత్తి యేమి, ఏ తరగతిలో మానిరి – ఇవన్నియు అందుండును. 'మానుటకు కారణము' అను గడిలో 'వివాహము' అని కనబడినచోట, ఎదుటనున్న వయస్సును చూడవలెను. ఆ ఒక్క గడి నూరు ఉపన్యాసములకు సమానము.

రెండవది ఛాయాచిత్రము. అందు కూర్చున్నవారెవరు, నిలుచున్నవారెవరు, చెప్పులున్నవారెవరు, లేనివారెవరు అని చూడవలెను. పేర్లు వ్రాయబడినవారెవరు, 'ఆయా', 'వంటమనిషి' అని మాత్రమే వ్రాయబడినవారెవరు అనియు చూడవలెను. బడిని నిలబెట్టిన చేతులలో సగము పేరు లేనివి.

మూడవది అక్కడ లేని వస్తువు. ఏ కులమువారి పిల్లలు ఏ సంవత్సరమునకు ముందు కనబడరో, ఏ భాష పుస్తకములు బీరువాలో లేవో గమనింపవలెను. ఉన్నది చూచుట కన్నుల పని. లేనిది చూచుట బుద్ధి పని.

మనము ఆలోచింపవలసినది

జ్ఞాపకమును భద్రపరచనిచో ఏమగునో చెప్పుటకు పూనా నగరమే చాలును. ఫూలే దంపతులు 1848లో బాలికలకు పాఠము చెప్పిన భిడే వాడ యను ఇల్లు, దేశ చరిత్రలో అంతటి స్థానము గలదయ్యును, ఏండ్ల తరబడి వ్యాజ్యములలో చిక్కి శిథిలమై, 2023 డిసెంబరులో పడగొట్టబడినది. అచ్చట స్మారకము నిర్మింపబడవలసియున్నది. స్మారకము ఎంత సుందరముగ కట్టినను, ఆ గోడలు మరల రావు. మహానగరములో, మహాపురుషుల యింటికే ఈ గతి యైనపుడు, పల్లె బడి రిజిస్టరు సంగతి చెప్పనేల?

మన జిల్లాలో ఆడవారి చదువు 1823 నాటి స్థితి నుండి ఎంతో దూరము వచ్చినది. అయినను 2011 జనాభా లెక్కలలో అనంతపురము జిల్లా స్త్రీలలో అక్షరాస్యులు నూటికి సుమారు 54 మంది; పురుషులలో 73 మంది. నడుమనున్న ఆ 19 మంది ఎవరు? కరవు వచ్చినపుడు బడి మాని తల్లిదండ్రులతో బెంగుళూరు వలసపోయినవారు. వేరుసెనగ చేలలో కూలికి పోయినవారు. చిన్ననాడే పెండ్లి యైనవారు. 2004లో ప్రారంభమైన కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయములు ఇట్టి బాలికలకు వసతితో కూడిన చదువు చెప్పుచున్నవి. జ్ఞానమ్మ తలపెట్టిన పని కొనసాగవలసిన తావు ఇదియే: పల్లెలోనే, ఆడపిల్లకే, ఇంటికి దూరముగ నున్నను తల్లి వంటి చోట.

ఈ కథలన్నియు ఏ గ్రామమున నైనను జరుగుచున్నవి, ఎవరును వ్రాయుట లేదు. వ్రాయించుటకును, దాచుటకును గ్రామమున గ్రంథాలయముకంటె తగిన చోటు లేదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినప్పటి నుండి అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి పెద్దలు గ్రంథాలయమును కేవలము పుస్తకముల కొట్టుగ తలపలేదు. అది గ్రామము తన్ను తాను తెలిసికొను చోటు కావలెనని కోరిరి. ఆ కోరికను మనము నెరవేర్చుట కష్టము కాదు. దానికి పెద్ద మేడ అక్కరలేదు. తాళము గల బీరువా యొకటి చాలును.

అందు ఏమేమి చేర్చవలెనో మనవి చేయుచున్నాను. గ్రామమందలి పాత బడుల ఛాయాచిత్రములను తెచ్చి, ఉన్నవారి పేర్లను పెద్దలనడిగి వేరు కాగితముపై వ్రాసి జతపరచవలెను. చిత్రము వెనుక సిరాతో వ్రాయుట మంచిది కాదు, ఆ సిరా ముందువైపునకు దిగును. పలకలు, పాత వాచకములు, ఉత్తీర్ణ పత్రములు, హాస్టలు పెట్టెలు – ఇండ్లలో అటకలపై నున్నవి పారవేయక తెచ్చి ఇయ్యవలెను. బడుల పాత రిజిస్టర్లు శిథిలమగుచుండిన, అధికారుల అనుమతితో వానికి నకలు తీసికొనవలెను. చెదలు, తేమ ఈ రెండే కాగితమునకు శత్రువులు. మన యెండ సీమలో తేమ భయము తక్కువ, చెదల భయమే ఎక్కువ. బీరువాను గోడకు ఆనింపక, నేల నుండి ఎత్తుగ నుంచిన చాలవరకు రక్షణ కలుగును.

అన్నింటికంటె ముందు చేయవలసిన పని ఇంకొకటి కలదు. మన గ్రామమున మొదట బడికి పోయిన ఆడవారు ముదుసళ్లుగ ఇంకను ఇండ్లలో నున్నారు. వారి కడకు పోయి, ఏ తరగతి వరకు చదివిరి, ఎవరు చేర్పించిరి, ఎవరు మాన్పించిరి అని అడిగి వ్రాసికొనవలెను. మన హైస్కూలు విద్యార్థినులు ఈ పనికి తగినవారు. మనుమరాలు అడిగిన అవ్వ చెప్పును. పెద్దమనుష్యుడు అడిగిన చెప్పదు. రిజిస్టరు వేచియుండును గాని, అవ్వ వేచియుండదు.

1823లో ఈ సీమలో బడికి పోయిన అరువది మంది బాలికలలో ఒక్కరి పేరైనను నేడు ఎవరికిని తెలియదు. వారిని పంపిన తల్లిదండ్రుల ధైర్యము ఎట్టిదో, వారి అరచేతిలో ఎవరైనను ఎన్నడైనను సరస్వతి పేరు వ్రాసిరో లేదో, మనకు తెలియు దారి లేదు. మన కాలపు బాలికల విషయమున ఆ లోపము జరుగకుండ చూచుట మన చేతిలోని పని. మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, ఈ గ్రామమున చదువుకొన్న తొలితరపు స్త్రీల పేర్ల పట్టిక ఆ సంచికలో అచ్చగునట్లు పాఠకులు, చందాదారులు, కార్యవర్గమువారు ఇప్పటి నుండియే పూనుకొందురుగాక.